పాత బడి గోడలు - మనకు అప్పగించిన అమానతు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు మమ్ములను చారిత్రక పాఠశాల భవనాల గురించి, వాటి సంరక్షణ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పైకి చూస్తే ఇది పురావస్తు శాఖ వారి పనిలాగ కనిపిస్తుంది. కాని ఈ యేడు ఈ విషయమే ఎందుకు ఎంచుకున్నారో ఇక్కడున్న వారందరికీ తెలుసు. మన సంఘం పాఠశాల పాత భవనాన్ని ఉంచడమా, పడగొట్టడమా అన్న ప్రశ్న ఈనాడు మన ముందున్నది. పడగొట్టి మూడంతస్తులు లేపి, రోడ్డు వైపు దుకాణాలు తీసి, ఆ అద్దెలతో బడి నడుపుదామని కొందరు సభ్యుల అభిప్రాయం. బుజుర్గులు కట్టిన గోడ మీద చెయ్యి వేయవద్దని మరికొందరి పట్టుదల. ఇరుపక్షాల వారిదీ బడి మీద అభిమానమే, అందులో సందేహం లేదు. కనుక ముందు మన దేశంలో ఇటువంటి బళ్ళు కొన్నిటికి ఏ గతి పట్టిందో చూద్దాము. ఆ మీదట మన ఇంటి సంగతికి వద్దాము.

మొదట బీదరు. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న ఊరు. బహమనీ సుల్తానుల వజీరు ఖ్వాజా మహమూద్ గవాన్ 1472లో అక్కడ ఒక గొప్ప మద్రసా కట్టించినారు. ఆయన ఇరాన్ దేశపు గీలాన్ ప్రాంతం నుండి వచ్చినవారు. మూడంతస్తుల కట్టడం, మధ్యన విశాలమైన ఆవరణ, విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ గదులు, మసీదు, దాదాపు మూడువేల చేతివ్రాత గ్రంథాల భాండాగారం. ముఖద్వారం వైపు గోడల నిండా నీలం, పసుపు, తెలుపు రంగుల పలకలు. దూరదేశాల పండితులను పిలిపించి అక్కడ పాఠాలు చెప్పించినారు. అయితే దర్బారులో గిట్టనివారు ఆయన మీద లేనిపోని నేరం మోపగా 1481లో మరణశిక్షకు గురి అయినారు. కట్టించిన మనిషి పోయినా మద్రసా మిగిలింది.

తర్వాతి కాలంలో బీదరు మొగలుల చేతికి పోయింది. చదువు సాగవలసిన గదుల్లో సైన్యం దిగింది, తుపాకిమందు నిలవజేసినారు. పదిహేడవ శతాబ్దం చివర ఆ మందుగుండు పేలి కట్టడంలో పెద్ద భాగం ఎగిరిపోయింది. ముందుండిన రెండు మినార్లలో ఒకటే మిగిలింది. ఈనాడు పురావస్తు శాఖ వారు దానిని భద్రంగా చూస్తున్నారు. వెళ్ళి చూసి రండి, మిగిలిన సగమే మనిషిని నిలవేస్తుంది. కాని ఒక్క మాట గుర్తుంచుకోవాలి. చదువు చెప్పినన్నాళ్ళూ ఆ గోడకు ఏ ప్రమాదమూ రాలేదు. చదువు మాని మరొక పనికి వాడినప్పుడే ప్రమాదం వచ్చింది.

ఇక ఢిల్లీ సంగతి. దీనికి మన హైదరాబాదుతో చుట్టరికం ఉన్నది. మొదటి నిజాం ఆసఫ్‌జా గారి తండ్రి గాజీయుద్దీన్ ఖాన్ ఫిరోజ్ జంగ్. ఆయన అజ్మీరీ గేటు వద్ద ఒక మద్రసా కట్టించినారు. ఎర్రరాతి గదుల వరుసలు, మసీదు, ప్రక్కనే ఆయన సమాధి. 1825లో ఆ ఆవరణలోనే ఢిల్లీ కాలేజీ మొదలైంది. గణితం, ఖగోళం, పాశ్చాత్య శాస్త్రాలు ఉర్దూ భాషలో బోధించినారు. మాస్టర్ రామచంద్ర, మౌల్వీ జకావుల్లా, డిప్టీ నజీర్ అహమద్, మహమ్మద్ హుస్సేన్ ఆజాద్ వంటివారు ఆ కాలేజీలో తయారైన వారే. 1857 కల్లోలం తర్వాత కొంతకాలం ఆ గదులు వేరే పనులకు పోయినాయి. మళ్ళీ బడి తిరిగి వచ్చింది. ఈనాడు అది ఆంగ్లో అరబిక్ స్కూలు. 2012లో ఆడపిల్లలను కూడా చేర్చుకోవడం మొదలుపెట్టినారు. మూడు శతాబ్దాలు దాటిన గోడల మధ్య ఈనాటికీ గంట కొడుతున్నారు, హాజరు వేస్తున్నారు. బీదరు మద్రసాను చూడడానికి మనం టూరిస్టులుగా వెళ్తాము. ఢిల్లీ మద్రసాలో పిల్లవాణ్ణి చేర్చడానికి దరఖాస్తు పట్టుకుని వెళ్ళవచ్చు. ఈ తేడా గమనించండి.

ఢిల్లీ ప్రస్తావన వచ్చింది కాబట్టి సర్ సయ్యద్ అహమద్ ఖాన్ గారి మాట చెప్పకుండా ఉండలేము. ఆయన అలీగఢ్‌లో 1875లో బడి తెరచినారనీ, అది కాలేజీ అయి, 1920లో విశ్వవిద్యాలయమయిందనీ మన పిల్లలందరికీ తెలుసు. అంతకు ముప్ఫై యేళ్ళ క్రితమే, ఢిల్లీలో మున్సబుగా ఉన్న రోజుల్లో, ఆయన చేసిన మరొక పని అంతగా ప్రచారంలో లేదు. ఢిల్లీ నగరంలోని పాత కట్టడాలన్నిటినీ తిరిగి చూసి, కొలిచి, శిలాశాసనాలు ఎత్తి రాసుకుని 1847లో 'ఆసారుస్సనాదీద్' అనే గ్రంథం ప్రచురించినారు. కుతుబ్ మినార్ పైభాగంలోని అక్షరాలు క్రిందనుండి కనబడవు గదా! రెండు బల్లీలకు మధ్య బుట్ట వేలాడగట్టించుకుని, అందులో కూర్చుని నకలు తీసుకున్నారు. క్రింద నిలబడిన మిత్రుడు, ఢిల్లీ కాలేజీలో పారశీకం బోధించే మౌలానా సహ్బాయీ గారికి ఆ దృశ్యం చూస్తే ముఖం పాలిపోయేదట. పదేళ్ళు తిరిగేసరికి 1857 వచ్చింది. ఆ పుస్తకంలో వర్ణించిన కట్టడాలు ఎన్నో నేలమట్టమైనాయి. వాటికి ఇప్పుడు ఆ పుస్తకమే సాక్షి.

పాత కట్టడాలను అంత శ్రద్ధగా లెక్కగట్టిన చేతులే కొత్త కాలేజీ కట్టినాయి. అంచేత పాతదాన్ని ప్రేమించేవాడు కొత్తదానికి అడ్డం అనీ, కొత్తది కోరేవాడు పాతదానికి శత్రువనీ మనలో మనం తగవు పడనక్కర లేదు. అలీగఢ్ కాలేజీకి చందాలు ఇచ్చిన వారి పేర్లు రాళ్ళ మీద చెక్కించినారు. అందులో ముస్లిములూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. ఆ రాళ్ళు చదివితే చాలు, ఒక విద్యాలయం ఎంతమంది జేబుల నుంచి పుట్టిందో తెలుస్తుంది.

ఇప్పుడు హైదరాబాదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద సంగతి మన ముత్తాతలు కథలుగా చెప్పేవారు. వేలమంది కొట్టుకుపోయినారు. ఆ గాయం మానడానికి 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. నది ఒడ్డున కొత్త కట్టడాలు లేచినాయి - ఒకవైపు హైకోర్టు, దాని చెంత సిటీ హైస్కూలు, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి. వరదలో మునిగిన నగరం న్యాయానికి, వైద్యానికి, చదువుకు ఇళ్ళు కట్టుకున్నది. ఇది మామూలు విషయం కాదండీ.

సిటీ హైస్కూలు 1921లో ఆ భవనంలోకి వచ్చింది. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి రూపకల్పన. గుమ్మటాలు, కమానులు, ఎండా వానా లోపలికి రాకుండా వెడల్పాటి చజ్జాలు. 1929లో అది సిటీ కాలేజీ అయింది. మఖ్దూం మొహియుద్దీన్ గారు అక్కడ ఉర్దూ అధ్యాపకులుగా పనిచేసినారు. 1952 సెప్టెంబరులో ముల్కీ ఆందోళన జరిగినప్పుడు పోలీసు కాల్పులతో ఆ కాలేజీ పేరు రాష్ట్రమంతటా మారుమ్రోగింది. ఇన్ని చూసిన ఆ కట్టడం నూరేళ్ళు దాటినా ఇంకా ప్రభుత్వ కాలేజీగానే నడుస్తున్నది. బీదా బిక్కీ పిల్లలు ఆ కమానుల క్రిందనే డిగ్రీ పుచ్చుకుంటున్నారు.

ఉస్మానియా విశ్వవిద్యాలయం కథ వేరు. 1918లో స్థాపించి ఉర్దూ బోధనా భాషగా పెట్టినారు. తొలి తరగతులు తాత్కాలిక భవనాల్లోనే సాగినాయి. ఆర్ట్స్ కాలేజీ భవనానికి 1934లో పునాదిరాయి పడి, 1939 డిసెంబరులో ప్రారంభమైంది. దానికి ముందు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజనీర్లు దేశదేశాల విశ్వవిద్యాలయాలు తిరిగి చూసి వచ్చినారు. ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం దేశపు శిల్పి నమూనా తయారుచేసినారు. అజంతా ఎల్లోరా స్తంభాల తీరు, బీదరు వైపు కమానుల తీరు ఒకే రాతి కట్టడంలో కలిసిపోయినాయి. అయితే గుర్తుంచుకోండి - భవనం రాకముందు ఇరవై యేళ్ళు చదువు ఉన్నది. బడికి గోడ అవసరమే, కాని గోడ ఒక్కటే బడి కాదు.

ఆడపిల్లల చదువు సంగతి కూడా చెప్పవలసి ఉంది. 1907లో హైదరాబాదులో మహబూబియా బాలికల పాఠశాల వెలసింది. ఘోషా ఇళ్ళలోని ఆడపిల్లలు గడప దాటి బడికి రావడమే వింతగా ఉన్న రోజులవి. తల్లిదండ్రులకు ధైర్యం కలిగించినది మాటలే కాదు. ఎత్తైన ప్రహరీ, లోపల చెట్ల నీడ, మహిళా ఉపాధ్యాయులు - ఇటువంటివి చూసినప్పుడే పిల్లను పంపుదామన్న నమ్మకం వస్తుంది. మన బడిలో కూడా పాత వరండాకు ఆ గుణం ఉన్నది. ఈ సభలో పరదా వైపు కూర్చున్న అక్కచెల్లెళ్ళలో చాలామంది ఆ వరండాలోనే అలిఫ్ బే దిద్దినవారు. వారి అభిప్రాయం అడగకుండా తీర్మానం చేయడం న్యాయం కాదని మా మనవి.

ఇక మన ఇంటికి వద్దాము.

మన పాత భవనం నాలుగు గదులు, ముందు వరండా. గోడలు ఇటుక, డంగు సున్నంతో కట్టినవి. పైన టేకు దూలాలు, బెంగుళూరు పెంకులు. దీనిని కట్టడానికి ఏ నవాబూ ఖజానా విప్పలేదు. ఇంటింటా వంట వండేముందు పిడికెడు బియ్యం తీసి కుండలో వేసి, శుక్రవారం ఆ బియ్యం పోగుచేసి అమ్మి డబ్బు జమచేసినారు. టేకు కలప సగం వెలకు ఇచ్చినది బజారులోని ఒక హిందూ వర్తకుడు. ఈ వివరాలన్నీ మన పాత జమాఖర్చు పుస్తకంలో ఉన్నాయి. ఆ పుస్తకం చెదలు పట్టి ఉన్నది, ఆ సంగతి తర్వాత చెబుతాము.

గోడలు పెచ్చులూడుతున్నాయి, చెమ్మ ఎక్కుతున్నది, కాబట్టి భవనం ఆయువు తీరిందని కొందరు అంటున్నారు. ఇక్కడ కాస్త సాంకేతిక విషయం చెప్పక తప్పదు. వెనుకటి మేస్త్రీలు సున్నాన్ని గానుగలో నూరి, ఇసుక కలిపి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోసి వాడేవారు. ఈ సున్నపు గోడకు ఊపిరి ఉంటుంది. నేలనుండి గోడలోకి ఎక్కిన తడి మెల్లగా బయటకు ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే ఏమవుతుంది? తడి బయటకు వచ్చే దారి మూసుకుపోతుంది. లోపలే ఉండి ఇటుకను తినేస్తుంది, ఉప్పు పొంగుతుంది, పూత పెచ్చులై రాలుతుంది. ఆయిల్ పెయింటు కొట్టినా అదే పని జరుగుతుంది. పెచ్చులు రాలినచోట మళ్ళీ సిమెంటే పూస్తారు. రోగానికి మందు అనుకున్నదే రోగాన్ని పెంచుతుంది. మన భవనంలో సిమెంటు పూసిన రెండు గదులే ఎక్కువ పాడైనాయి, సున్నం వేసిన రెండు గదులు నయంగా ఉన్నాయి. ఎవరైనా వెళ్ళి కళ్ళారా చూసుకోవచ్చు.

పాత కట్టడానికి శత్రువులు పెద్దవేమీ కావు. పగిలిన పెంకు ఒకటి, ఆకులతో పూడిన వానగొట్టం ఒకటి, గోడ పగులులో మొలిచిన రావి మొక్క ఒకటి. పెంకు మార్చడానికి పూట పని. మార్చకపోతే ఆ సందున కారిన నీరు దూలం కొనను కుళ్ళబెడుతుంది. దూలం కుంగితే కప్పే కుంగుతుంది. రావి మొక్కను లాగి పీకితే వేరు లోపల మిగిలి మళ్ళీ చిగురిస్తుంది, లాగినప్పుడు ఇటుకలూ కదులుతాయి. మొదలు కోసి, వేరు చచ్చేటట్టు మందు పెట్టి, ఎండిన తర్వాత ఆ సందు సున్నంతో నింపాలి. ఏటా వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఒక మేస్త్రీ, ఇద్దరు కూలీలు పైకెక్కి చూస్తే సరిపోయే పని ఇది. ఆ చిన్న ఖర్చు పదేళ్ళు వాయిదా వేస్తే పెద్ద ఖర్చు మన తలుపు తడుతుంది.

అయితే మేము గోడల మీద మమకారంతో పిల్లల ప్రాణాలు మరచిపోలేదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి అగ్నికి ఆహుతై 94 మంది పసిపిల్లలు మరణించినారు. తాటాకు కప్పు, వంటశాల నిప్పు, ఇరుకు మెట్లు, బయటకు పోవడానికి దారి లేకపోవడం - కారణాలు ఇవి. ఆ తర్వాత 2009లో సుప్రీంకోర్టు బడి భవనాల భద్రత పిల్లల విద్యాహక్కులో భాగమని తీర్పు చెప్పింది. అందుచేత కొత్తదైనా పాతదైనా అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ కప్పు క్రింద మన బిడ్డను కూర్చోబెట్టవచ్చునా? ఈ ప్రశ్నకు జవాబు మా దగ్గర లేదు, మీ దగ్గరా లేదు. పాత కట్టడాల పని తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి చెప్పాలి. ఆయన పనికిరాదంటే ఆ గది ఖాళీ చేయవలసిందే. మరమ్మతుతో నిలుస్తుందంటే పడగొట్టే హక్కు మనకు లేదు.

దుకాణాల అద్దె గురించి. బడికి రాబడి కావాలి, నిజమే. ఉపాధ్యాయుల జీతాలు మంచి మాటలతో ఇవ్వలేము. కాని వెనుక వైపు మనకు ఖాళీ జాగా ఉన్నది. కొత్త గదులు అక్కడ కట్టవచ్చును. రోడ్డు వైపు దుకాణాలు వస్తే పిల్లలు లారీల మధ్య నుండి, సామాను బస్తాల మధ్య నుండి లోపలికి రావాలి. నాలుగేళ్ళు పోయేసరికి అద్దె పెంచమంటే కోర్టు, ఖాళీ చేయమంటే కోర్టు. మన రాష్ట్రాల్లో ఎన్ని మసీదుల, దర్గాల, బళ్ళ ముంగిళ్ళు ఈ విధంగా తగాదాల్లో చిక్కుకున్నవో మీరు ఎరుగుదురు. బడి నడపడానికని తెచ్చిన రాబడి చివరికి వకీలు ఫీజులకు పోకూడదు గదా!

చట్టం మనలను కాపాడుతుందా అని అడిగేవారున్నారు. హైదరాబాదులో 1995లో చేర్చిన 13వ నిబంధన క్రింద వారసత్వ కట్టడాల జాబితా ఉండేది, 2015లో ఆ నిబంధన రద్దయింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఇవన్నీ పేరున్న కట్టడాల కోసం. మన బడి వంటి చిన్న కట్టడాలకు జాబితాలో చోటు దొరకడం కష్టం. వక్ఫ్ ఆస్తులకు 1995 నాటి చట్టం ఉన్నది, దానికి 2025లో సవరణలు వచ్చి, వివరాలన్నీ కేంద్ర పోర్టల్‌లో ఎక్కించాలన్నారు. వక్ఫ్ ఆస్తి అయినా, సొసైటీ పేరిట రిజిస్టరైన ఆస్తి అయినా, కాగితం సరిగా లేని జాగా గాలిలో దీపం. దస్తావేజు, సర్వే నంబరు, పన్ను రసీదులు, ప్లాను - ఇవి కూడా భవనంలో భాగమే.

కనుక సభవారి ముందు మేము నాలుగు ప్రతిపాదనలు ఉంచుతున్నాము.

మొదటిది - నిర్ణయానికి ముందే ఇంజనీరు పరీక్ష. ఆయన రాతపూర్వకంగా ఇచ్చిన నివేదికను ఈ సభలోనే చదివి వినిపించాలి.

రెండవది - ఉంచినా, పడగొట్టినా, ముందుగా భవనాన్ని కొలిచి, ఫొటోలు తీసి, ప్లాను గీయించాలి. సర్ సయ్యద్ గారు బుట్టలో వేలాడి చేసిన పనిని మన యువకులు సెల్‌ఫోను చేతబట్టి నేల మీద నిలబడి చేయవచ్చు. చెదలు పట్టిన జమాఖర్చు పుస్తకం, హాజరు పట్టీలు, ప్రవేశ రిజిస్టర్లు ప్రతి పుటా ఫొటో తీసి రెండు చోట్ల భద్రపరచాలి. బడిలో చదివిన ముసలివారి జ్ఞాపకాలు వారి మాటల్లోనే రికార్డు చేయాలి. ఈ పని ఒక్కటే ఆలస్యాన్ని సహించదు. గోడ ఇంకొక వానాకాలం ఆగవచ్చు, మనుషులు ఆగరు.

మూడవది - భవనం నిలుస్తుందని తేలితే, సున్నం పని తెలిసిన మేస్త్రీచేతనే మరమ్మతు. సిమెంటు పూసిన రెండు గదులకు ఆ పూత తీయించి సున్నం వేయించాలి. మన మేస్త్రీ కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆయన ప్రక్కన ఉండి ఆ పని నేర్చుకోవాలి. ఊళ్ళో ఆ విద్య తెలిసినవారు తగ్గిపోతున్నారు. భవనంతోపాటు ఒక జీవనోపాధి కూడా నిలుస్తుంది.

నాలుగవది - ఏటేటా మరమ్మతు నిధి. పెద్ద మొత్తం అక్కర లేదు. వెనుకటి పిడికెడు బియ్యం కుండను మళ్ళీ మొదలుపెడదాము. ఈ కాలానికి తగినట్టు నెలకు ఇంతని సభ్యులు వేసుకుంటే, ఆ ఖాతాను వేరే పెట్టి పెంకులకు, సున్నానికి తప్ప మరి దేనికీ వాడకుండా కట్టుదిట్టం చేద్దాము.

సోదరులారా, సోదరీమణులారా! సదఖా జారియా అంటే ఇచ్చినవాడు పోయిన తర్వాత కూడా ఫలితం సాగే దానం అని మన ఇమాములు మనకు నేర్పినారు. ఆ బియ్యం ఇచ్చిన తల్లులు ఈనాడు ఖబరస్తానులో ఉన్నారు. ఆ దానం సాగుతున్నదా, ఆగినదా అన్నది మాత్రం మన చేతుల్లో ఉన్నది. ఆ గదుల్లో ఒక పిల్ల అక్షరం దిద్దినన్నాళ్ళూ అది సాగుతుంది. ఆ పిల్ల భద్రంగా ఉండాలి, చదువు బాగుండాలి, గోడ కూడా నిలవాలి. మూడింటిలో ఏ ఒక్కదానినీ మరొకదాని కోసం వదులుకోనక్కర లేదన్నదే మేము చెప్పదలచిన సంగతి.

 ఇంజనీరు పరీక్షకు ఈ సభలోనే తీర్మానం జరగాలని కోరుతూ, మన పాఠశాలకూ, దానిని కట్టిన వారికీ, అందులో చదివే బిడ్డలకూ అల్లాహ్ తన రహ్మత్ ప్రసాదించుగాక అని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాము. ఆమీన్.

ఖుదా హాఫిజ్.